కాగులో పడిన సైన్యం

యుద్ధ వార్తలు చదివే అలవాటు ఉన్నవాళ్లకి ఈ మాట ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. జర్మన్‌లో కెస్సెల్ అంటారు, రష్యన్‌లో కత్యోల్ అంటారు. రెండింటికీ అర్థం పెద్ద పాత్ర, నీళ్లు కాచుకునే కాగు లాంటిది. శత్రువు చుట్టూ వలయంలా మూసుకున్నాక లోపల మిగిలిపోయిన సైన్యాన్నీ, ఆ సైన్యం నిలబడ్డ నేలనీ కలిపి ఆ పేరుతో పిలుస్తారు. ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా పాకెట్ అంటారు. మన వార్తల్లోకి వచ్చేసరికి ఇదంతా కలిసి 'ముట్టడి' అయిపోతుంది, కాస్త ఓపిక ఉన్నవాళ్లు 'చుట్టుముట్టారు' అని రాస్తారు. ఈ అనువాదం మీద నాకు చాలా రోజులుగా అభ్యంతరం ఉంది, ఇవాళ కూర్చుని అదేమిటో రాయాలనిపించింది.

ముట్టడి అంటే మన మనసులో కోట ఉంటుంది. లోపలివాళ్లు తలుపులు వాళ్లే వేసుకుంటారు, ధాన్యం నిలవ చేసుకుంటారు, నీళ్లుంటాయి, గోడలుంటాయి, ఎన్నాళ్లు తట్టుకోగలరో ముందే ఒక లెక్క ఉంటుంది. కెస్సెల్‌లో పడినవాళ్లకి ఇవేవీ ఉండవు. నిన్నటిదాకా వాళ్లు ముందుకు దూసుకెళుతున్న సైన్యం, లేదా విశాలమైన మైదానంలో వరస కట్టి నిలబడ్డ సైన్యం. వాళ్ల తిండి, పెట్రోలు, మందుగుండు అన్నీ వెనక ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో డిపోల్లో ఉంటాయి, రోజూ లారీల్లోనో రైళ్లలోనో వస్తుంటాయి. ఒకరోజు పొద్దున లారీ రాదు. రోడ్డు మీద అవతలివాళ్ల ట్యాంకులున్నాయని మధ్యాహ్నానికి తెలుస్తుంది. గోడలు లేని చోట, నిలవలు లేని చోట, కోటలో ఉన్నట్టు బతకాల్సి వస్తుంది. అందుకే ముట్టడి అనే మాట ఇక్కడ అతకదు.

మరి వంటపాత్ర ఎందుకు? నాకు తెలిసినంతలో ఇది వేట నుంచి కూడా వచ్చిన మాట. జర్మన్‌లో కెస్సెల్‌ట్రైబెన్ అనే కుందేళ్ల వేట ఉంది. వేటగాళ్లూ, అదిలించేవాళ్లూ కలిసి పెద్ద మైదానం చుట్టూ వలయంగా నిలబడి అన్ని వైపుల నుంచీ ఒకేసారి నడుచుకుంటూ నడిమికి వస్తారు, కుందేళ్లు ఎటు పరిగెత్తినా మనిషి ఎదురవుతాడు. మంగోలులు ఇదే పనిని అడవి జంతువుల మీద ఇంకా పెద్ద ఎత్తున చేసేవాళ్లు, దాన్ని నెర్గె అనేవాళ్లు. అది వాళ్లకి వేట మాత్రమే కాదు, సైన్యానికి శిక్షణ కూడా. తన వైపు నుంచి జంతువుని దాటిపోనిచ్చిన సైనికుడికి శిక్ష పడేది.

ఇంకో సంగతి కూడా నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. కెస్సెల్, కత్యోల్ రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయి. లాటిన్‌లో గిన్నెకి ఉన్న పేరు పాత జర్మానిక్ భాషల్లోకి వెళ్లి, అక్కణ్నుంచి స్లావ్ భాషల్లోకి వెళ్లింది. 1941 నుంచి 1945 దాకా ఒకరినొకరు ఈ పాత్రలోకి తోసుకున్న జర్మన్, సోవియట్ సైన్యాలు రెండూ దాన్ని పిలిచింది ఒకే మాటతో అన్నమాట.

తెలుగులో దీనికి సరిపడే మాట మన దగ్గరే ఉందని నా నమ్మకం. కాగు. పేరుగా వాడితే పెద్ద పాత్ర, క్రియగా వాడితే వేడెక్కి మరగడం. నూనె కాగుతోంది అంటాం, పాలు కాగాయి అంటాం. జర్మన్ మాటలో పాత్ర ఒక్కటే ఉంది, మంట మనం ఊహించుకోవాలి. మన మాటలో పాత్రా మంటా రెండూ ఉన్నాయి. ఉచ్చు, బోను, వల అని కూడా రాయొచ్చు కానీ అవి ఒక్క క్షణంలో పనిచేసేవి. కాలు పడింది, బిగుసుకుంది, అయిపోయింది. కాగు అలా కాదు, దానికి టైం పడుతుంది, అసలు విషయమంతా ఆ టైంలోనే ఉంది.

1870లో ఫ్రాన్స్‌లోని సెడాన్ దగ్గర ఫ్రెంచి సైన్యం చిక్కుకున్నప్పుడు ప్రష్యా సేనాని మోల్ట్‌కె వాళ్లు ఎలుకల బోనులో పడ్డారన్నాడని చెప్తారు. బోను లోపల ఉన్న ఫ్రెంచి జనరల్ డ్యుక్రోకి మాత్రం బోను గుర్తు రాలేదు. రాత్రిపూట మంచం కింద పెట్టుకునే ఉచ్చ కుండలో పడ్డాం, ఇక మన మీద పోస్తారు అన్న అర్థం వచ్చేలా ఆయన అన్న మాట చరిత్ర పుస్తకాల్లో నిలిచిపోయింది. చుట్టూ ఎత్తైన గుట్టలు, వాటి మీద ప్రష్యా ఫిరంగులు, పల్లంలో వీళ్లు. మర్నాడు యుద్ధం, ఆ మర్నాడు సెప్టెంబర్ 2న చక్రవర్తి మూడో నెపోలియన్‌తో సహా దాదాపు లక్షమంది లొంగిపోయారు. బయట ఉన్నవాడికి బోనులా కనిపించింది లోపల ఉన్నవాడికి పాత్రలా కనిపించడం నన్ను ఆలోచనలో పడేస్తుంది. పాత్ర అడుగున నిలబడి పైకి చూస్తేనే అది పాత్ర అని తెలుస్తుందేమో.

పాతకాలం ఉదాహరణ అడిగితే అందరూ ఇటలీలోని కన్నే పేరు చెప్తారు. క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హానిబాల్ సుమారు 50 వేలమందితో 80 వేలకి పైబడ్డ రోమన్ సైన్యాన్ని చుట్టేశాడు. నడిమి వరసని కావాలనే వెనక్కి తగ్గనిచ్చి, రోమన్లు అందులోకి చొచ్చుకొచ్చాక రెండు పక్కల నుంచీ మూసి, చివరికి గుర్రపుదళం వెనక నుంచి తలుపు వేసింది. జర్మన్ సైనిక ప్రధానాధికారిగా పనిచేసిన ష్లీఫెన్ ఈ ఒక్క యుద్ధాన్ని ఏళ్ల తరబడి చదివాడు, ఆ తర్వాతి తరాల అధికారులందరికీ అదే పాఠం చెప్పాడు. అయితే కన్నేలో కథంతా ఒక్క రోజులో అయిపోయింది. అక్కడ వలయం ఉంది, కాగడం లేదు. ఆకలి పని చెయ్యడానికి వ్యవధే లేదు.

ఇక్కడ పద్మవ్యూహం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే తెలుగులో ఈ విషయం ఎత్తగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అదే. ఎవరు ఏ ఇబ్బందిలో పడినా పద్మవ్యూహంలో చిక్కుకున్నాడంటాం. సైనికంగా చూస్తే కెస్సెల్‌కీ దానికీ పోలిక తక్కువే. అభిమన్యుడు తెలిసి తెలిసి తనంతట తానే లోపలికి వెళ్లాడు, ఆ వ్యూహం అప్పటికే కట్టి ఉంది. కెస్సెల్‌లో వ్యూహమే వచ్చి నీ చుట్టూ కట్టుకుంటుంది. కానీ ఆ కథలో ఒక మనిషి మాత్రం నేటి యుద్ధపాఠానికి అచ్చంగా సరిపోతాడు, సైంధవుడు. అభిమన్యుణ్ని చంపినవాళ్లు వేరు. సైంధవుడు చేసిన పనల్లా వెనకాల వస్తున్న పాండవుల్ని లోపలికి పోనివ్వకపోవడం. అది జరగకపోతే మిగతాది జరగదు.

ఆధునిక సైన్యాల్లో దీన్నే రెండు వలయాలుగా చెప్తారు. లోపలి వలయం చిక్కినవాళ్ల వైపు తిరిగి ఉంటుంది, బయటి వలయం వాళ్లని విడిపించడానికి వచ్చేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది. మ్యాపు మీద బాణాలు చూసేటప్పుడు మనం ఎప్పుడూ లోపలి గీతనే చూస్తాం. నేనూ మొదట్లో అంతే, రెండు బాణాలు కలిశాయంటే పని అయిపోయిందనుకునేవాణ్ని. తర్వాత చదివే కొద్దీ తెలిసిందేమిటంటే, చాలా చోట్ల గెలుపోటములు తేలింది బయటి గీత దగ్గర. మన భాషలో 'సైంధవుడిలా అడ్డుపడ్డాడు' అనే నానుడి ఊరికే పుట్టలేదు.

స్టాలిన్‌గ్రాడ్‌నే తీసుకోండి. 1942 నవంబర్ 19న సోవియట్ దాడి మొదలైంది, నగరం మీద కాదు, నగరానికి రెండు పక్కలా దూరంగా రొమేనియా సైన్యాలు కాపలా ఉన్న చోట. నాలుగు రోజుల్లో, అంటే నవంబర్ 23కి, ఉత్తరం నుంచి వచ్చినవాళ్లూ దక్షిణం నుంచి వచ్చినవాళ్లూ కలాచ్ దగ్గర కలిశారు. పౌలుస్ నాయకత్వంలోని జర్మన్ ఆరో సైన్యం, దానితో ఉన్న మిగతా దళాలు కలిపి రెండున్నర లక్షలకి పైగా మనుషులు లోపల ఉండిపోయారు. డిసెంబర్ 12న ఇంకో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ బయట నుంచి విడిపించడానికి బయల్దేరాడు, దాదాపు 50 కిలోమీటర్ల దూరం దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంకోచోట సోవియట్లు కొత్త దాడి మొదలుపెట్టడంతో వెనక్కి తగ్గక తప్పలేదు. అదీ బయటి వలయం పని.

ఇక లోపల కాగడం మొదలైంది. ఆ సైన్యానికి రోజుకి 500 టన్నుల సరుకు కావాలని లెక్క వేశారు, విమానాల్లో పంపిస్తామని జర్మన్ వైమానిక దళం అధిపతి గోరింగ్ మాట ఇచ్చాడు. చేరింది సగటున రోజుకి 100 టన్నులకి కాస్త అటూ ఇటూ. ఈ రెండు అంకెలకీ మధ్య ఉన్న తేడానే మంట. ముందు గుర్రాలు పోయాయి, వాటిని తిన్నారు. రొట్టె కోటా తగ్గుతూ వచ్చింది, ఆకలికి తోడు గడ్డకట్టే చలి, ట్యాంకులు కదలడానికి పెట్రోలు లేదు కాబట్టి గీత తెంచుకుని బయటపడే బలం రోజురోజుకీ తగ్గిపోయింది. జనవరి మధ్యలో పిటోమ్నిక్ విమానాశ్రయం పోయింది, కొన్ని రోజులకే గుమ్రాక్ కూడా పోయింది, ఆ తర్వాత గాయపడ్డవాళ్లని బయటికి తీసుకుపోయే దారే లేదు. జనవరి 31న పౌలుస్ లొంగిపోయాడు, ఫిబ్రవరి 2న మిగిలినవాళ్లు. చివర్లో బందీలైనవాళ్లు సుమారు 91 వేలు, వాళ్లలో ఇల్లు చేరినవాళ్లు ఐదారు వేలు, ఆఖరివాళ్లు 1955లో గానీ రాలేదు.

గోరింగ్ ఆ మాట ఇవ్వడం వెనక ఇంకో కాగు ఉంది. అదే 1942లో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రష్యాలోని దెమ్యాన్స్క్ దగ్గర దాదాపు లక్షమంది జర్మన్లు ఇలాగే చిక్కుకుంటే విమానాల్లో తిండి పంపి బతికించారు, ఏప్రిల్ 21న దారి కూడా తెరిచారు. చిక్కుకున్నా ఫరవాలేదు, ఆకాశం నుంచి నిలబెట్టుకోవచ్చు అనే ధైర్యం అక్కడ పుట్టింది. ఒక కాగులో నుంచి బయటపడటమే దానికి రెండున్నర రెట్లకి పైబడ్డ కాగులో మునగడానికి కారణమైంది.

కానీ ఆకాశం నుంచి నిలబెట్టుకోవడం నిజంగా పనిచేసిన చోట్లు ఉన్నాయి. 1944 ఫిబ్రవరిలో బర్మాలోని అరకాన్‌లో జపాన్ సైన్యం బ్రిటిష్‌వాళ్ల ఏడో ఇండియన్ డివిజన్ వెనక్కి చుట్టి వచ్చి రోడ్డు మూసేసింది. అంతకుముందు ఇలా జరిగితే బ్రిటిష్ సైన్యం వెనక్కి పరుగు తీసేది, జపాన్ వాళ్ల ప్లాన్ మొత్తం ఆ పరుగు మీదే ఆధారపడి ఉంది. ఈసారి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ ఎక్కడివాళ్లక్కడే నిలబడమన్నాడు, డకోటా విమానాల్లో తిండీ తూటాలూ కిందికి దించారు. వంటవాళ్లు, గుమస్తాలు, కంచరగాడిదలు తోలేవాళ్లు ఉన్న పరిపాలనా శిబిరం కూడా వలయం కట్టుకుని నిలబడింది. రెండు మూడు వారాల్లో తిండి అయిపోయింది చుట్టుముట్టినవాళ్లకే. దీన్ని ఆ సైన్యంలో బాక్స్ అన్నారు. పెట్టె. వీళ్లదీ పాత్ర లాంటి పేరే, కాకపోతే మూత తమ చేతిలో ఉన్న పాత్ర. చిక్కుకోవడం అంటే ఓడిపోవడం కాదని, ఏ పక్క సరుకు ముందు అయిపోతుందన్నదే ప్రశ్న అని ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

కాగు కదలదని కూడా అనుకోకండి. 1944 వసంతంలో ఉక్రెయిన్‌లోని కమెనెట్స్-పొదోల్స్కీ దగ్గర హూబె అనే జనరల్ కింద సుమారు రెండు లక్షలమంది జర్మన్లు చిక్కుకుని, చుట్టూ వలయం అలాగే ఉండగా మొత్తం పడమటికి నడుచుకుంటూ పోయి బయటపడ్డారు. కదిలే కెస్సెల్ అన్నారు దాన్ని.

వలయం పూర్తిగా మూయాలా వద్దా అన్నది పాత వాదం. చుట్టుముట్టిన సైన్యానికి ఒక దారి వదిలిపెట్టమని ప్రాచీన చైనా యుద్ధశాస్త్రకారుడు సన్ జు ఏనాడో చెప్పాడు. దారే లేనివాడు చావుకి తెగించి పోరాడతాడు, దారి ఉందనుకున్నవాడు అటు చూస్తూ పోరాటం మానేస్తాడు. 1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఫలేజ్ దగ్గర జర్మన్ల మీద మిత్రదళాలు మూత వెయ్యడానికి ఆలస్యం చేశాయని ఇప్పటికీ తిట్టుకుంటారు, ఆగస్టు 21కి గానీ అది మూసుకోలేదు, ఈలోగా వేలమంది జారిపోయారు. కానీ ఆ ఇరుకు దారిలో పోతున్నవాళ్ల మీద ఫిరంగులూ విమానాలూ చేసిన పని చూస్తే, అది దారి అనాలో మంట ఎక్కువగా ఉన్న చోటు అనాలో తెలియదు.

తూర్పు ఉక్రెయిన్‌లో 2014 ఆగస్టులో ఇలొవాయ్స్క్ దగ్గర ఇదే ఇంకా ఘోరంగా జరిగింది. చిక్కుకున్న ఉక్రెయిన్ సైనికులకి బయటికి పోవడానికి దారి ఇస్తామని రష్యా పక్షంవాళ్లు అన్నారు, ఆగస్టు 29న వాళ్లు బారులు తీరి బయల్దేరాక ఆ దారిలోనే కాల్చారు. ఇలొవాయ్స్క్ మొత్తం మీద 366 మంది చనిపోయారని ఉక్రెయిన్ ప్రాసిక్యూటర్లు లెక్క చెప్పారు. ఈ యుద్ధం తర్వాతే కత్యోల్ అనే మాట అక్కడ చరిత్ర పుస్తకాల్లో నుంచి ఇళ్లలోకి వచ్చేసింది, మామూలు మనుషులు కూడా ఊరి పేరు పక్కన ఆ మాట తగిలించి మాట్లాడటం మొదలుపెట్టారు.

అప్పటి నుంచి ఆ మాటే యుద్ధంలో భాగమైపోయింది. 2015 ఫిబ్రవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోనే దెబాల్‌త్సెవె దగ్గర రష్యా పక్షం కత్యోల్ మూసేశాం అంది, ఉక్రెయిన్ ప్రభుత్వం అసలు చుట్టుముట్టలేదు, మా వాళ్లు ప్లాన్ ప్రకారం వెనక్కి వచ్చారంది. లోపల ఉన్నవాడికి ఇది మాటల గొడవ కాదు. కత్యోల్‌లో ఉన్నావని రేడియోలో పదే పదే వింటే, రోడ్డు ఇంకా తెరిచి ఉన్నా చెయ్యి వణుకుతుంది. అందుకే చుట్టుముట్టేశాం అనే ప్రకటనలు నిజంగా చుట్టుముట్టక ముందే వచ్చేస్తుంటాయి. ఇలాంటి వార్త కనిపిస్తే నేను మొదట చూసేది మ్యాపులో రంగు కాదు, రోడ్డు. లోపలికి లారీ పోతోందా, గాయపడ్డవాళ్లు బయటికి వస్తున్నారా? ఈ రోజుల్లో రోడ్డు మీద ఒక్క శత్రు సైనికుడు లేకపోయినా, ఆ రోడ్డుని ఫిరంగులూ డ్రోన్లూ చూస్తూ ఉంటే చాలు, లారీ ఆగిపోతుంది. మ్యాపులో తెరిచి ఉంటుంది, నేల మీద మూసుకుపోయి ఉంటుంది.

ఈ మాట యుద్ధం దాటి కూడా పాకింది. నిరసన చేసేవాళ్లని పోలీసులు వలయం కట్టి గంటల తరబడి కదలనివ్వకపోవడాన్ని జర్మనీలో కెస్సెల్ అంటారు, ఇంగ్లండ్‌లో కెట్లింగ్ అంటారు. 1986 జూన్ 8న హాంబర్గ్‌లో 800 మందికి పైగా మనుషుల్ని అలా నిలబెట్టారు, కొందరిని 13 గంటల దాకా, అది చట్టవిరుద్ధమని తర్వాత కోర్టు చెప్పింది. 2001 మే 1న లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దగ్గర ఏడు గంటలు ఆపినదాన్ని మాత్రం 2012లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టలేదు. అన్నం, నీళ్లు, మూత్రానికి దారి లేకుండా ఆపడమే అక్కడ కూడా ఆయుధం, కాబట్టి పేరు ఊరికే అరువు తెచ్చుకున్నది కాదు.

నా మనసుని ఎక్కువ పట్టుకున్నది మాత్రం రష్యన్‌లో దీని పక్కనే ఉన్న ఇంకో మాట. అక్రుజెనెత్స్. చుట్టివేతలో నుంచి బయటపడి వచ్చిన మనిషి అని అర్థం. 1941 సెప్టెంబర్‌లో జర్మన్ సేనానులు గుడేరియన్ ఉత్తరం నుంచీ క్లైస్ట్ దక్షిణం నుంచీ వచ్చి కీవ్‌కి తూర్పున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో లోఖ్విత్స దగ్గర కలిశారు. వెనక్కి తగ్గుదామని సోవియట్ సేనానులు ముందే అడిగినా స్టాలిన్ వద్దన్నాడు. ఆరు లక్షలకి పైగా మనుషులు లోపల ఉండిపోయారు, ఆ సైన్యాల అధిపతి కిర్పొనోస్ దారి వెతుక్కుంటూ చనిపోయాడు. కొందరు మాత్రం రాత్రిళ్లు అడవుల వెంట, చిత్తడి నేలల్లో, వారాల తరబడి నడిచి తమవాళ్ల దగ్గరికి చేరుకున్నారు. చేరుకున్నాక వాళ్లకి దొరికింది అనుమానం. అంతకు నెల ముందే, ఆగస్టు 16న, లొంగిపోయినవాళ్లు దేశద్రోహులని 270వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఎలా బయటపడ్డావు, నీ తుపాకీ ఏది, పార్టీ కార్డు ఎందుకు పారేశావు, సాక్షి ఎవరు? ఆ ఏడాది చివర్లో ఇలాంటివాళ్లని పరీక్షించడానికి ప్రత్యేక శిబిరాలే పెట్టారు.

ఆ మాటకి తెలుగు ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. చిక్కుకున్నవాడికి మన దగ్గర మాటలున్నాయి, అడ్డుపడ్డవాడికి సైంధవుడున్నాడు, ప్రాణాలు పోగొట్టుకున్నవాడికి వీరమరణం ఉంది. బయటపడి వచ్చినవాడికి మాత్రం దొరకలేదు, మన కథలో ఆ కుర్రాడు బయటికి రాలేదు మరి. ప్రస్తుతానికి నేను 'వలయం దాటి వచ్చినవాడు' అని రాసుకుంటున్నాను, పొడుగ్గా ఉన్నా సరే.